బందిఖానా నుంచి భద్రాద్రికి: రామదాసు పాటల వెంట నాలుగు రోజులు

ముందు రోజు: పాటలు సర్దుకోవడం

భద్రాచలం వెళ్ళేవాళ్ళలో చాలామంది భద్రాచలం ఒక్కటే చూసి వస్తారు. రాత్రి బస్సెక్కి, తెల్లారి గోదావరిలో మునిగి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం పర్ణశాల చుట్టి, మళ్ళీ రాత్రి బస్సుకు తిరుగుముఖం పడతారు. మొక్కు తీర్చుకోవడానికి ఆ దారి చాలు. రామదాసు పాటలు పాడుకుంటూ వెళ్ళాలనుకునేవాళ్ళకు మాత్రం చాలదు. ఆయన పాటల్లో జనం నోట నిలిచినవి చాలావరకు గుడిలో హాయిగా కూర్చుని పాడినవి కావు. గుడి కట్టినందుకు పడిన శిక్షలోంచి వచ్చినవని పెద్దలు చెప్పుకుంటారు. అందుకే ఈ ప్రయాణం ఆయన్ను ఖైదు చేసిన గోల్కొండలో మొదలై నేలకొండపల్లి, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, పర్ణశాలలో ముగుస్తుంది.

ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉన్న బృందమైతే బాగుంటుంది. అంతకు మించితే బందిఖానా గదిలో నిలబడటమే కష్టం. ఆరు పాటలు చాలు: 'ఏ తీరుగ నను దయజూచెదవో', 'ఇక్ష్వాకు కులతిలక', 'నను బ్రోవమని చెప్పవే', 'పలుకే బంగారమాయెనా', 'తక్కువేమి మనకు', చివర మంగళం 'రామచంద్రాయ జనకరాజజా మనోహరాయ'. అందరి చేతుల్లో ఒకే పాఠం ఉండాలి. ఇక్కడే మొదటి తడబాటు వస్తుంది. ఒకరి పుస్తకంలో 'పలుకవె' అని, ఇంకొకరి పుస్తకంలో 'పలుకవు' అని ఉంటుంది. చరణాల వరస కూడా ఒక్కో అచ్చులో ఒక్కోలా ఉంటుంది. ఏదో ఒక పాఠం ఖాయం చేసుకుని, దూరం నుంచి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో అచ్చు తీసి అందరికీ పంచాలి. ఫోన్లో చూసి పాడితే రెండో చరణానికల్లా సగం మంది తెర మీద వేలితో వెతుక్కుంటూ ఉంటారు.

శ్రుతి సంగతి ముందే తేల్చుకోవాలి. హార్మోనియం కట్టెల లెక్కలో మగవాళ్ళకు ఒకటి నుంచి రెండు, ఆడవాళ్ళకు నాలుగున్నర నుంచి ఐదున్నర సుఖంగా ఉంటుంది. అందరూ కలిసి పాడేటప్పుడు రెండు శ్రుతి పెట్టుకుని, ఆడవాళ్ళు ఒక స్థాయి పైన పాడితే గొంతులు కలుస్తాయి, పాట తారస్థాయికి పోనంతవరకు. 'ఏ తీరుగ' ఈ పద్ధతికి అచ్చంగా సరిపోతుంది. అది నాదనామక్రియలో ఉంది, ఆ రాగం పైన నిషాదం దగ్గరే ఆగిపోతుంది, పై షడ్జం ముట్టుకోదు. సంగీతం నేర్వని గొంతు కూడా చిరగకుండా పాడగలదు. 'నను బ్రోవమని' కల్యాణిలో పాడే పాట, పైకి వెళ్తుంది. దాని చరణాలు ఒక్కరే పాడి, మిగతావాళ్ళు పల్లవి అందుకుంటే చాలు. శ్రుతి నిర్ణయించేటప్పుడు పల్లవి పాడి చూసి సరే అనుకోవడం అందరూ చేసే పొరపాటు. చరణంలో అన్నింటికన్నా పైనున్న స్వరం పాడి చూసుకోవాలి.

ఇంకొకటి, తాళం. ఒక్క జత చాలు. నలుగురి చేతుల్లో నాలుగు జతలుంటే ప్రతివాడూ పక్కవాడి కంటే వెంట్రుకవాసి ముందు కొడతాడు, మూడో చరణానికి కాలం పరుగందుకుంటుంది, అయిదో చరణానికి మాటలు నలిగిపోతాయి. మిగతావాళ్ళు చేత్తో తట్టుకుంటే సరి.

మొదటి రోజు: గోల్కొండ

కోట తెరిచే వేళకే గేటు దగ్గర ఉండాలి. పదిన్నర దాటితే రాయి కాలుతుంది, బడి పిల్లల గుంపులు దిగుతాయి, పాట సంగతి దేవుడెరుగు, మాటే వినపడదు. బాలాహిసార్ ద్వారం లోపలి కప్పు కింద అందరూ చప్పట్లు కొట్టి చూస్తుంటారు. ఇక్కడ కొట్టిన చప్పట్లు కొండ మీది బారాదరి అనే మండపం దాకా వినిపిస్తాయి. కాపలా కోసం చేసుకున్న ఏర్పాటు అది. ధ్వని ఎంత దూరం పోవాలో లెక్కగట్టి కట్టిన కోటలో, ఎవరికీ వినపడని గదిలో ఒక మనిషిని పెట్టారని అనుకుంటూ ఎక్కితే దారి వేరేగా కనిపిస్తుంది.

పైదాకా దాదాపు 360 మెట్లు. ఎత్తు ఒకేలా ఉండదు, కొన్ని మోకాలి దాకా వస్తాయి, కొన్ని అరిగి నున్నగా జారతాయి. హవాయి చెప్పులు పనికిరావు. మనిషికి లీటరు నీళ్ళు ఉంచుకోవాలి. హార్మోనియం, డోలక్ మోసుకెళ్ళే ఆలోచన మానుకోండి. బరువొక్కటే కాదు, ఇది పురావస్తు శాఖ అధీనంలోని కోట. మైకు, దీపం, అగరొత్తి, వాద్యాలతో కచేరీ లాంటివి అనుమతి లేకుండా కుదరవు. నాలుగు గొంతులు మెల్లగా పాడుకుంటే ఇబ్బంది రాదు. ఫోన్లో శ్రుతి పెట్టుకుంటే సరిపోతుంది.

ఎక్కే ముందు కింద అక్కన్న, మాదన్నల కచేరీలని, అంటే కార్యాలయాలని, చూపించే శిథిలాల దగ్గర ఒక నిమిషం ఆగాలి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, జనం నోట తానీషా, 1672లో గద్దెనెక్కాడు. మాదన్న ఆయన ప్రధాని, అక్కన్న మాదన్నకు సోదరుడు. వీళ్ళిద్దరూ కంచర్ల గోపన్నకు, అంటే మన రామదాసుకు, మేనమామలు. మేనల్లుడికి పాల్వంచ పరగణా తహసీల్దారు పని దొరికింది వాళ్ళ పలుకుబడితోనే అంటారు. మేనమామల కచేరీ కింద, మేనల్లుడి బందిఖానా పైన. రెండింటికీ మధ్య నడక కొద్దిసేపే. అంత దగ్గర చుట్టరికం ఉండి కూడా విడిపించలేకపోయారంటే తగాదా చిన్నది కాదు, ఖజానాది.

గోపన్న చేసిన పని ఇది. పరగణాలో వసూలైన సొమ్ము గోల్కొండ ఖజానాకు పంపకుండా భద్రగిరి మీద గుడి కట్టడానికి, నగలు చేయించడానికి వాడాడు. ఆరు లక్షల వరహాలని కథ చెబుతుంది. శిక్ష పన్నెండేళ్ళని కూడా కథే చెబుతుంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కేదాకా లెక్కేసినా తానీషా ఏలింది మొత్తం పదిహేనేళ్ళే. అందులో పన్నెండేళ్ళు చెరసాల, దానికి ముందు ఉద్యోగం, వసూళ్ళు, గుడి కట్టడం ఇమిడించాలంటే లెక్క బిగుసుకుంటుంది. గోపన్నకు తారకమంత్రం ఇచ్చింది కబీరుదాసు అని చెప్పే గైడు ఎదురైతే వాదన పెట్టుకోకండి, కానీ కబీరు పదిహేనో శతాబ్దం మనిషని గుర్తుంచుకోండి. ఆ పేరుగల మరో ఫకీరు కావచ్చు. కథల్లో కాలాలు కలిసిపోవడం మామూలే. పాటలకు దానివల్ల వచ్చే లోటేమీ లేదు.

రామదాసు బందిఖానా బాలాహిసార్‌కు ఎక్కే దారిలోనే ఉంటుంది, వేరే వెతకక్కర్లేదు. ఎత్తయిన రాతి గోడల గది. పైకప్పు కంతల్లోంచి దిగే వెలుగు తప్ప లోపల మసకే. గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు చెక్కి ఉంటారు. జనం పూసిన పసుపు, కుంకుమతో ఆ రాతి గీతలు సగం పూడుకుపోయాయి. మీరు కూడా ఇంకాస్త పూయకండి.

గది ఖంగుమంటుంది. ఇంట్లో పాడే వేగంతో ఇక్కడ పాడితే ఒక మాట ఇంకా గోడల మధ్య తిరుగుతుండగానే రెండో మాట వచ్చి దాని మీద పడుతుంది, అంతా గజిబిజి. వేగం సగానికి తగ్గించి, పాదం చివర రెండు దెబ్బలు ఖాళీ వదలాలి. తాళం సంచిలోనే ఉంచండి. కంచు మోత ఆ గోడల మధ్య చెవులు చిల్లులు పొడుస్తుంది. ముందు 'ఏ తీరుగ' పాడాలి. అది అడుగుతున్న పాట, ఇంకా కోపం రాని పాట. ఆ తర్వాతే 'ఇక్ష్వాకు కులతిలక'.

ఈ రెండో పాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. దీన్ని స్తుతి అనుకుని మొదలుపెట్టినవాళ్ళు మూడో చరణానికి తెల్లబోతారు. ఇది లెక్క. రెవెన్యూ పనిచేసిన మనిషి ఖర్చుల చిట్టా ముందేసుకుని దేవుడికి చదివి వినిపిస్తున్నాడు. చుట్టూ ప్రాకారం చేయించాను, ఇంతయింది. గోపుర మండపాలు, వాటికింత. భరతుడికి పచ్చల పతకం, పదివేల వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, పదివేల మొహరీలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం. సీతమ్మకు చింతాకు పతకం. పద్దు తర్వాత పద్దు, ప్రతి పద్దుకీ పట్టిన సొమ్ము. చివర రాముడి కలికితురాయి దగ్గరకు వచ్చేసరికి మాట తెగుతుంది: ఇదంతా పెట్టుకుని కులుకుతూ తిరుగుతున్నావే, ఎవరబ్బ సొమ్మని? మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా? ఆ వెంటనే, తిట్టానని ఏమీ అనుకోకు, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టాను అంటాడు. ఆఖరికి మళ్ళీ నువ్వే ఏలుకోవాలి అంటాడు.

భజన బృందాలు ఈ పాటను కత్తిరించే తీరు ఒకటుంది. పొద్దు చాలదని పల్లవి, ఒక చరణం, ఆఖరి చరణం పాడి ముగిస్తారు. మర్యాద కోసం కూడా తిట్టు వదిలేస్తారు. అప్పుడు లెక్కా ఉండదు, తిట్టూ ఉండదు, ఉత్త క్షమాపణ మాత్రం మిగులుతుంది. ఏం చేశాడని క్షమాపణ? కష్టంలో ఉన్నవాడికి ఈ పాట పనికొచ్చేదే ఆ లెక్క వల్ల, ఆ తిట్టు వల్ల. మనకు నిందాస్తుతి అని పేరు పెట్టుకున్న సంప్రదాయమే ఉంది. సొంతమనుకున్న చోటే మనిషి తిట్టగలడు. బందిఖానాలో అయినా ఈ పాటను పూర్తిగా పాడండి. నిదానంగా పాడినా ఇరవై నిమిషాలు మించదు.

గుంపుగా పాడటానికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ప్రతి పాదం 'రామచంద్రా' అనే పిలుపు మీద వాలుతుంది. ముందు పాడేవారు పాదమంతా పాడితే, మాటలు రానివాళ్ళు ఆ ఒక్క పిలుపు అందుకుంటే చాలు. పక్కన నిలబడ్డ తెలియని యాత్రికులు కూడా రెండో పాదానికల్లా కలుస్తారు. 'పలుకే బంగారమాయెనా'లో అదే పని 'కోదండపాణి' చేస్తుంది.

పైన మహంకాళి గుడి, బారాదరి చూసి దిగే దారిలో దిగాలి. మధ్యాహ్నం తర్వాత పని లేదు. గొంతుకు విశ్రాంతి ఇవ్వండి. దిగగానే చల్లటి సోడా తాగితే రెండో రోజు పాడేది గుసగుసలే.

రెండో రోజు: నేలకొండపల్లి, పాల్వంచ

తెల్లారి ఆరింటికల్లా బయలుదేరితే విజయవాడ హైవే మీద కోదాడ దాకా వెళ్ళి, అక్కడ ఖమ్మం దారి పట్టాలి. ఆ దారిలోనే, ఖమ్మానికి ఇరవై కిలోమీటర్ల ఇవతల నేలకొండపల్లి. రైల్లో వచ్చేవాళ్ళు ఖమ్మంలో దిగి బస్సులో వెనక్కి రావచ్చు.

గోపన్న పుట్టిన ఊరిది. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. ఊళ్ళో భక్త రామదాసు ధ్యానమందిరం ఉంది. చిన్నది. పెద్ద క్షేత్రం ఊహించుకుని వస్తే పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. కానీ పాడుకోవడానికి ఈ నాలుగు రోజుల్లో దీనికి మించిన చోటు లేదు. తోసుకునే జనం ఉండరు, ఎవరూ వెళ్ళమనరు. నిన్న గోల్కొండలో ఖాళీలు వదిలి పాడిన పాటనే ఇక్కడ మామూలు కాలంలో పాడి చూడండి, తేడా తెలుస్తుంది. ఊరి పక్కన బౌద్ధ స్తూపం కూడా ఉంది. గంట తీరిక ఉంటే చూడొచ్చు.

మధ్యాహ్నం ఖమ్మంలో భోజనం చేసి కొత్తగూడెం దారి పట్టాలి. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలకు పైనే. రైలు టికెట్టు దగ్గర చాలామంది మోసపోయేది ఇక్కడే. 'భద్రాచలం రోడ్' అనే స్టేషన్ ఉంది, కానీ అది భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి గుడికి ఇంకో 40 కిలోమీటర్లు రోడ్డు మీదే వెళ్ళాలి. అర్ధరాత్రి దిగి ఆటో కోసం చూస్తే దొరకదు, దొరికినా అడిగింది ఇవ్వాల్సిందే. తెల్లవారుజామున చేరే రైలైతే బస్టాండుకు వెళ్ళి మొదటి బస్సు పట్టుకోవడం మేలు.

పాల్వంచలో రామదాసు పేరుతో చూడాల్సిన కట్టడమంటూ లేదు. థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపిస్తాయి, దారిలో పెద్దమ్మ గుడి దగ్గర బండ్లు ఆగుతాయి, కొబ్బరికాయ కొట్టి కదులుతాయి. కానీ ఆయన ఉద్యోగం చేసిన పరగణా ఇదే. బస్సులో 'నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి' పాడుకోవాల్సింది ఈ ముక్కలోనే. దొరగారు అర్జీ చూడటం లేదు. మరేం చేయాలి? అమ్మగారితో చెప్పించాలి. అదీ ఎప్పుడు? ఆయన ఏకాంతంలో మంచి మనసుతో ఉన్న వేళ చూసి. కచేరీలో పనిచేసిన మనిషికి సిఫారసు ఎవరి ద్వారా, ఏ పొద్దులో వెళ్తే పనవుతుందో తెలుసు. భక్తికి ఆ లౌక్యం అడ్డు రాలేదు.

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి పొద్దు వాలుతుంది. వంతెన అవతలి ఒడ్డే భద్రాచలం.

మూడో రోజు: భద్రాచలం

సుప్రభాతానికి తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. స్నానఘట్టం మెట్లు పాచి పట్టి ఉంటాయి. మెట్లు దాటి లోపలికి వెళ్ళొద్దు, గోదావరి పైకి నిదానంగా కనిపిస్తుంది గాని కింద లాగుతుంది. వానాకాలంలో మెట్లే కనపడవు.

దర్శనంలో చూడాల్సినవి చెప్పకపోతే క్యూ తోపులో తప్పిపోతాయి. మూలవిరాట్టు నాలుగు చేతుల రాముడు. శంఖం కుడి చేతిలో, చక్రం ఎడమ చేతిలో ఉంటాయి. విష్ణుమూర్తి విగ్రహాల్లో మామూలుగా కనిపించేదానికి ఇది తారుమారు. సీతమ్మ ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది, లక్ష్మణుడు కూడా ఎడమవైపే. పుట్టలోంచి ఈ విగ్రహాలను మొదట కనుగొని, తాటాకు పందిరి వేసి పండ్లు నివేదించింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం. గోపన్న వచ్చింది తర్వాత.

దర్శనం అయ్యాక ప్రాకారంలో ఒక పక్కన నిలబడి 'ఇక్ష్వాకు కులతిలక' అచ్చుకాగితం తీయండి. పాడొద్దు, చదవండి. చుట్టూ ప్రాకారం అన్నాడు, మీరు నిలబడ్డది ఆయన కట్టించాడని చెప్పుకునే గుడి ప్రాకారంలోనే. గోపుర మండపాలు అన్నాడు, తలెత్తండి. పచ్చల పతకం, చింతాకు పతకం, కలికితురాయి: రామదాసు చేయించినవని చెప్పే ఈ నగలు ఇప్పటికీ దేవస్థానంలో ఉన్నాయి, కల్యాణం రోజున ఉత్సవమూర్తులకు అలంకరిస్తారు. గోల్కొండ గదిలో పాడిన చిట్టాను ఇక్కడ పద్దుల వారీగా సరిచూసుకోవచ్చు. ఒక పాటను ఇలా తనిఖీ చేసుకునే వీలున్న క్షేత్రం మరొకటి అరుదు.

ఇంకో వస్తువు పాటలో లేదు. మిగతా చోట్ల సీతమ్మ మంగళసూత్రానికి రెండు బొట్లుంటే ఇక్కడ మూడు. పుట్టింటివారి తరఫున జనకుడిది ఒకటి, అత్తింటివారి తరఫున దశరథుడిది ఒకటి, మూడోది రామదాసుది. మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని అడిగినవాడికి ఆ ఇద్దరి పక్కనే చోటిచ్చారు.

తానీషా కథ ఇక్కడ ప్రతి దుకాణంలోనూ వినిపిస్తుంది. రామలక్ష్మణులే బంట్లుగా వెళ్ళి ఆరు లక్షలూ చెల్లించి రసీదు తీసుకున్నారని, ఆ మొహరీలే రామటెంకులని. రామటెంకులంటూ అమ్మజూపేవి కొనకండి. ఇళ్ళలో, అంగళ్ళలో కనిపించేవి చాలావరకు తర్వాతి కాలంలో క్షేత్రాల దగ్గర తయారైన బిళ్ళలు, ఏ రాజూ ముద్రించిన నాణేలు కావు. తానీషా పేరు నిలిచింది కల్యాణంలో. ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనతో మొదలైందని చెప్తారు. నిజాముల కాలంలోనూ సాగింది, ఇప్పుడు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాలు సమర్పిస్తారు. ఇక్కడి తలంబ్రాలు పసుపుపచ్చగా ఉండవు. గులాల్ కలుపుతారు కాబట్టి ఎర్రగా ఉంటాయి. హోలీ పున్నమి నాడు కలపడం మొదలవుతుంది. వడ్లను రోట్లో దంచకుండా గోటితో ఒలిచి పంపే భక్తులూ ఉన్నారు. ఒక్కో గింజ, గోరు నొప్పి పుట్టేదాకా, రామనామం అంటూ.

శ్రీరామనవమికి రావాలనుకుంటే ముందే తెలుసుకోండి. కల్యాణం మిథిలా స్టేడియంలో, అభిజిత్ లగ్నంలో, అంటే నడి మధ్యాహ్నం. ఏప్రిల్ ఎండ. గది నెలల ముందే ఖాయం చేసుకోవాలి, ఊళ్ళోకి బండ్లను రానివ్వరు. ఆ జనంలో మీ బృందం పాట ఎవరికీ వినపడదు. పాటల కోసమైతే జనవరి, ఫిబ్రవరి మంచిది. రామదాసు జయంతి ఉత్సవాలు అప్పుడే జరుగుతాయి, చిత్రకూట మండపంలో గాయకులంతా కూర్చుని నవరత్న కీర్తనలు గోష్ఠిగానం చేస్తారు. పక్కన కూర్చుని అందుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

2020లో ఏప్రిల్ 2న నవమి వచ్చింది. కరోనా వల్ల స్టేడియం తెరవలేదు, భక్తులు లేకుండా గుడిలోనే కల్యాణం జరిపారు. మరుసటేడు కూడా అంతే. ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఇళ్ళల్లో తలంబ్రాలు పోసుకున్నవాళ్ళు, ఒంటరిగా గదిలో ఉండి 'పలుకే బంగారమాయెనా' పాడుకున్నవాళ్ళు ఎందరో. నాలుగు గోడల మధ్య పుట్టిందని చెప్పే పాటకు అది కొత్త చోటేమీ కాదు.

సాయంత్రం మండపంలో కూర్చుని పాడాలంటే పొద్దున్నే దేవస్థానం కార్యాలయంలో అడిగి వేళ ఖాయం చేసుకోవాలి. గంటన్నర చాలు. వరస ఇలా పెట్టుకుంటే కుదురుతుంది: మొదట 'ఏ తీరుగ', తర్వాత 'ఇక్ష్వాకు' పూర్తిగా, ఆపైన 'నను బ్రోవమని', 'పలుకే', అప్పుడు 'తక్కువేమి మనకు', చివర మంగళం. 'తక్కువేమి మనకు'తో మొదలుపెట్టాలని బృందంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సౌరాష్ట్రంలో హుషారుగా ఉంటుంది, జనం వెంటనే కలుస్తారు. ఒప్పుకోకండి. రాముడొక్కడుంటే మనకు తక్కువేమిటనే మాటకు బరువు రావాలంటే, ముందు ఆ తక్కువలన్నీ చదివి ఉండాలి. ఆసుపత్రి నుంచో, అప్పుల బాధ నుంచో వచ్చి కూర్చున్నవాడి ముందు మొదటి పాటగా ఇది పాడితే అతను లేచి వెళ్ళిపోతాడు. ఆరింటిలో అయిదోదిగా పాడితే చప్పట్లు కొడతాడు.

'పలుకే' ఆనందభైరవి. అలసిన గొంతులు ఆ సమయానికి కిందికి జారతాయి. శ్రుతిపెట్టె మోగుతూనే ఉంటుంది, పాట దాని కిందికి దిగిపోయి ఉంటుంది, పాడేవాళ్ళకు తెలియదు. పాటకూ పాటకూ మధ్య మాట్లాడకుండా పావు నిమిషం శ్రుతి వినండి, ఒక గుక్క గోరువెచ్చని నీళ్ళు తాగండి. జారుడు తగ్గుతుంది.

మంగళం సంగతి చెప్పాలి. తెలుగునాట భజన ఏ దేవుడిదైనా, చివర హారతి వేళకు 'రామచంద్రాయ జనకరాజజా మనోహరాయ' వస్తుంది. తమిళనాట భజన మఠాల్లోనూ పాడతారు. అది రామదాసుదని చాలామందికి గుర్తుండదు. ఆ పేరు దక్షిణాదికి ఎప్పుడో చేరింది. త్యాగరాజు దేవగాంధారిలోని 'క్షీరసాగర శయన'లో, ధీరుడైన రామదాసు బంధం తీర్చిన సంగతి విన్నానని రాముడికి గుర్తుచేస్తాడు. ఒకరి కష్టం తీరిన దాఖలా చూపించి తన కష్టానికి అర్జీ పెట్టుకోవడం అది. మళ్ళీ కచేరీ పద్ధతే.

నాలుగో రోజు: పర్ణశాల, గోదావరి

భద్రాచలం నుంచి పర్ణశాల 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం దారి. ఆటోలు, జీపులు దొరుకుతాయి. ఎక్కేముందే రానూపోనూ ధర, అక్కడ ఆగే సమయం మాట్లాడుకోవాలి, లేకపోతే గంట దాటగానే హారన్ మొదలవుతుంది. సీతమ్మ వాగు, నారచీరల గుర్తులంటూ చూపించే రాతి చారలు, గోదావరి ఒడ్డు. రాముడి కష్టకాలపు చోటు కాబట్టి ఇక్కడ పాడాల్సింది చిన్నగానే. ఒక పాట, మంగళం. పర్ణశాల బొమ్మల దగ్గర ఫొటోల గోల ఎక్కువ, ఒడ్డుకు జరిగి కూర్చోండి.

ఏటపాకలో జటాయువు చోటు చూడాలంటే భద్రాచలం నుంచి రెండు కిలోమీటర్లే, కానీ 2014 విభజన తర్వాత అది ఆంధ్రప్రదేశ్. గుడి తెలంగాణలో, పక్క ఊరు వేరే రాష్ట్రంలో. అద్దె బండి మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి డ్రైవరుకు ముందే చెప్పండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ నాలుగో రోజును ఖాయం అనుకోవద్దు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరిక వినగానే పర్ణశాల మానుకోవాలి. వాగులు ముందు పొంగుతాయి, దారి అక్కడే తెగుతుంది, నారచీరల చోటు మునుగుతుంది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులు. గుడి గుట్ట మీద ఉంది, ఊరికి కరకట్ట ఉంది, అయినా పల్లపు వీధుల్లో నీళ్ళు చేరతాయి, చుట్టుపక్కల ఊళ్ళు పునరావాస కేంద్రాలకు వెళ్తాయి. ఆ రోజుల్లో యాత్రికులు అక్కడ ఉంటే సాయపడాల్సినవాళ్ళకు ఇంకో బరువు. వెళ్ళాలనుకుంటే పాటలతో కాదు, బియ్యం, దుప్పట్లు, తాగునీళ్ళతో వెళ్ళాలి. పాటలు ఇంటి దగ్గరే పాడుకోవచ్చు.

తిరుగు ప్రయాణానికి రాత్రి హైదరాబాదు బస్సు సుఖం. రైలైతే మళ్ళీ కొత్తగూడెం దాకా 40 కిలోమీటర్లు వెళ్ళాలి కాబట్టి బండి వేళకు రెండు గంటల ముందే కదలాలి. వంతెన దాటేటప్పుడు అచ్చుకాగితాలు వెనక్కి తీసుకుని లెక్కపెట్టుకోండి. పన్నెండు ఇస్తే తొమ్మిదో పదో వస్తాయి. మిగతావి ఏ క్యూలోనో పక్కవాళ్ళు చూసి రాసుకుంటామని అడిగి ఉంచుకుని ఉంటారు. వచ్చేసారికి ఇరవై తీయించండి.